గృహిణీగోష్ఠి: పిల్లలకు ప్రైవేటు చెప్పువారిని వెదకుట



బడులు తెరచు జూన్ మాసము వచ్చినది. క్రొత్తపుస్తకములకు అట్టలు వేయుట యింకను పూర్తికాకమునుపే ప్రతి యింటను ఒక ప్రశ్న తలయెత్తుచున్నది. ఈ యేడు పిల్లలకు ప్రైవేటు ఎవరిచేత చెప్పింతుము? గతమాసమున మాకందిన యుత్తరములలో నాలుగింట ఇదియే ప్రశ్న. వానిలో ఒక సోదరి, "మీవారు ఉపాధ్యాయులు గదా, మీ యింట ఈ చిక్కు పుట్టనే పుట్టదు. అయినను మాబోంట్లకు మంచి మాస్టరును కనుగొనుట ఎట్లో చెప్పుడు" అని వ్రాసినారు. ఆ మాట చదివి మేము మొదట నవ్వుకొంటిమి, పిదప సిగ్గుపడితిమి. ఏలయనగా ఈ చిక్కు మా యింటనే పుట్టినది. దానిలో తప్పు చాలవఱకు మాదియే. దాచిన ప్రయోజనము లేదు గనుక ఉన్నదున్నట్లు చెప్పెదము.

ఇది ఒకరిద్దరి యిండ్ల మాట కాదు. మనదేశపు గ్రామములలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు చదువు పిల్లలలో, డబ్బిచ్చి ప్రైవేటు చెప్పించుకొనువారు 2018లో నూటికి 26.4 వంతులుండగా, 2022 నాటికి 30.5 వంతులైరని 'అసర్' అను విద్యాసర్వే తెలుపుచున్నది. అనగా పదిమంది పిల్లలలో ముగ్గురు బడిచదువుమీద మఱియొక చదువు చదివిరన్నమాట. ఇందఱు తల్లులు పొదుపుచేసి యిచ్చుచున్న ధనముతో మనము కొనుచున్నదేమియో తెలిసికొనుట మన విధి.

మా పెద్దమ్మాయికి ఆఱవతరగతి చివరిపరీక్షలో లెక్కలలో నూటికి ముప్పదియొక్క మార్కులు వచ్చినవి. ఆమె తండ్రిగారు ఒక చిన్న పాఠశాలలో పెద్దతరగతులకు లెక్కలే చెప్పుదురు. పిల్లయు ఆ పాఠశాలలోనే చదువుచున్నది. ఊరిపిల్లలకెల్ల లెక్కలు నేర్పు పంతులుగారి బిడ్డకు లెక్కలు రావనిన, దీపముక్రింద చీకటి యను సామెత నలుగురి నోటను ఆడక మానదు గదా. కావున మొదట మావారే సాయంకాలములందు చెప్పదొడగిరి. బడిలో నలువదిమంది పిల్లలయెదుట ఒకనాడును గొంతు హెచ్చింపనివారికి కూతునెదుట మూడుదినములలోనే యోర్పు తీరిపోయినది. "ఇది కూడ రాదా?" అని యొక్కమాట యనిరి. అది తిట్టు కాదు, దెబ్బ కాదు. కాని మఱునాటినుండి పిల్ల నోటుపుస్తకమును పరుపుక్రింద దాచుట మొదలుపెట్టినది. పరుల బిడ్డ తప్పుచేసినచో ఉపాధ్యాయునకు ఆ తప్పు కనబడును. తన బిడ్డ తప్పుచేసినచో తన పరువు కనబడును. ఇది మావారే తరువాత ఒప్పుకొన్న సంగతి. చదువుకొన్న తండ్రి యింట నుండగా పిల్లకు ప్రైవేటు ఎందుకని యెవరైన అడిగినచో మీరు సంకోచింపనక్కఱలేదు.

మావారి సహోపాధ్యాయులలో ఒకరిని పిలువవచ్చును గదా యని మాకు తోచినది. వారు వలదనిరి. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 28వ సెక్షను ప్రకారము బడిలో పనిచేయు ఉపాధ్యాయులు ప్రైవేటు చెప్పరాదు. మావారును ఆ కారణముననే ఎవరికిని ప్రైవేటు చెప్పరు. అందువలన మా యింటికి రావలసిన రాబడి రాకపోవుటయు కలదు. అయినను ఈ కట్టుబాటు పిల్లల మేలు కోరునదియే యని మేము నమ్ముచున్నాము. తరగతిలో చెప్పవలసిన దానిని సాయంకాలమునకు దాచుకొనుటకును, ప్రైవేటుకు రాని పిల్లవానిని చిన్నచూపు చూచుటకును దీనివలన త్రోవ మూయబడును. మీ పిల్లవాని తరగతిగది పంతులుగారే "ఇంటికి పంపుడు, మార్కులు నేను చూచుకొందును" అనినచో, ఆ మాటలోని మర్మము మీరే యోచింపుడు.

అటుపిమ్మట మా పట్టణమున పేరుపడిన యొక మాస్టరుగారిని కుదిర్చితిమి. వారి పేరుతో మనకు పనిలేదు. ఎవరినడిగినను "వారియొద్ద చదివినవారికి తొంబదికి తక్కువ రావు" అనువారే. మేము ఇంకేమియు అడుగలేదు. వారమునకు ఐదుదినములు, దినమునకు ఒక గంట, నెలకు రెండువేల రూపాయలు. చిన్నజీతపు సంసారమున నెలనెలా రెండువేలు వేఱుచేయుట ఎట్టిదో మీకు వివరింపనక్కఱలేదు.

రెండుమాసములు గడచినవి. పిల్ల నోటుపుస్తకము ముత్యాలకోవవలె నున్నది. బడిలోని చిన్నపరీక్షలో ఇరువదికి పదునేడు వచ్చినవి. మేము ఇరుగుపొరుగువారికి చెప్పుకొని మురిసితిమి. దసరాసెలవులలో ఒకనాడు గారెలకు పప్పు నానబోయుచు పిల్లను ప్రక్కకు పిలిచితిమి. మా అత్తగారినాటి ఇత్తడి మానికయు, తవ్వయు, సోలయు మా యింట నిప్పటికిని ఉన్నవి. "అరమానిక పప్పు పోసితిమి. ఇంక పావుమానిక పోయుదుము. మొత్తము మానికలో ఎన్నవవంతు?" అని అడిగితిమి. పిల్ల కాగితము తెచ్చి తడవుకొనక వ్రాసినది. 1/2, 1/4 కలిపిన 2/6 అట! పైయంకెలను పైయంకెలతోను, క్రిందియంకెలను క్రిందియంకెలతోను కూడినది. ఆరింట రెండువంతులనగా మూడింట ఒకవంతు. మొదట పోసిన అరమానికకంటె, ఇంక పావుమానిక పోసిన తరువాత పప్పు తగ్గినదన్నమాట. "గిన్నెలోనికి చూచి చెప్పుమమ్మా" అంటిమి. పిల్ల గిన్నెలోనికి చూడలేదు. అది తప్పో ఒప్పో తెలిసికొనుటకు మా ముఖములోనికి చూచినది.

అప్పుడు మాకు గుండె గుభిల్లుమన్నది. ఆ ముత్యాలకోవ తెప్పించి చూచితిమి. అట్టి లెక్కలే పదునాలుగు, తప్పులేకుండ ఉన్నవి. "ఇవి ఎట్లు చేసితివి?" అని యడిగితిమి. "మాస్టారు చెప్పినారు, నేను వ్రాసినాను" అన్నది. "తెలియనపుడు అడుగలేదేమి?" అనగా, కొంతసేపు తలవంచుకొని, "తెలియదంటే నవ్వుతారమ్మా" అన్నది.

ఆ మాస్టరుగారు చెడ్డవారని మేమనము. వారు ఒక్క సాయంకాలము ఐదిండ్లు తిరుగవలసినవారు. పరీక్షలో ఏ ప్రశ్నలు వచ్చునో వారికి తెలియును; ఆ ప్రశ్నలకు జవాబులు వ్రాయించిరి. మేము మార్కులు కావలెనంటిమి, వారు మార్కులు తెచ్చి యిచ్చిరి. మా యమ్మాయికి మాత్రము తెలియనిదానిని దాచుకొను విద్య చక్కగా అబ్బినది. ఆ విద్యకు రెండుమాసములు జీతమిచ్చినది మేమే.

చిన్ననాట మా తాతగారు మాకు కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమును ఇంటనే చెప్పిరి. అందు ప్రథమాంకమున గణదాసుడు, హరదత్తుడు అను నాట్యాచార్యులిద్దఱు తమలో నెవరధికులని కలహింతురు. తీర్పు చెప్పవలసినది కౌశికి యను పరివ్రాజిక. కొందఱియందు విద్య తమలోనే చక్కగ నిలిచియుండుననియు, కొందఱకు దానిని పరులకందించు నేర్పు మిక్కుటముగ నుండుననియు, ఈ రెండును గలవానినే గురువులలో మొదట నిలుపవలెననియు ఆమె చెప్పును. అటుపిమ్మట పరీక్ష యాచార్యులకు జరుగదు. శిష్యురాలగు మాళవిక సభలో అభినయించి చూపును. ఆ పోటీ యంతయు రాజుకొఱకు విదూషకుడు పన్నిన పన్నుగడ యైనను, ఆ పరివ్రాజిక మాట మాత్రము పిల్లలుగల ప్రతి తల్లియు కొంగున ముడివేసికొనదగినది. ఆ ఘట్టమును కంఠస్థము చేసిన మేమే మాస్టరుగారి కీర్తిని విచారించితిమి గాని, శిష్యురాలిచేత ఒక్కనాడును ఒక్కలెక్క చేయించి చూడమైతిమి!

కార్తికమాసమున మా వెనుకవీథిలోని యొక పిల్లను అడిగితిమి. ఆమె బి.ఎడ్. చదివి డి.ఎస్సీ. పరీక్షకు సిద్ధపడుచున్నది. తండ్రి లేడు, తల్లి కుట్టుపనిచేసి యిల్లు నడుపుచున్నది. మావారు "చిన్నపిల్ల, అనుభవము చాలదేమో" అని శంకించిరి. ఒక వారము చెప్పి చూపుమనియు, ఆ వారమునకు డబ్బిత్తుమనియు, పిదప ఉభయులకు సమ్మతమైనచో సాగింతుమనియు కోరితిమి. ఆమె వచ్చి కూర్చుండినతోడనే మేము మార్కుల కాగితము ముందుంచితిమి. "ఇది వద్దండీ, అమ్మాయి చిత్తుపుస్తకము చూపించండి" అన్నది. మాకు ఆశ్చర్యమైనది. చిత్తుపుస్తకమును అంతవఱకు ఎవ్వరును, లెక్కల పంతులుగారైన తండ్రియైనను, తెరచి చూడలేదు. ఆమె అరగంట దానిని త్రిప్పిత్రిప్పి చూచినది. నడుమ పిల్లను రెండుమూడు ప్రశ్నలడిగినది. జవాబు తప్పినపుడు దిద్దలేదు. "ఎట్లా వచ్చిందో చెప్పమ్మా" అని మాత్రమే అన్నది.

పిదప మావారితో చెప్పిన మాటలు మాకింకను గుర్తున్నవి. "ఈమెకు ఏడవతరగతి లెక్కలు రాకపోవటం కాదండీ. ఐదవతరగతి భిన్నాల దగ్గర ఒక మెట్టు విరిగింది. దానిమీద ఎన్ని మెట్లు కట్టినా నిలవవు. ఆరువారాలు ఐదవతరగతి పుస్తకమే చెబుతాను. అంతదాకా బడిలో మార్కులు ఇంకా తగ్గుతాయి. మీరు ఓర్చుకోగలరా?"

మావారు చాలసేపు మాటాడలేదు. ఆయన పనిచేయు బడిలోనే పిల్ల చదువుచున్నది. మార్కులు తగ్గినచో మాటపడవలసినది ఆయన. పంతులుగారి కూతురికే లెక్కలు రాకున్న మా పిల్లలకేమి చెప్పునని తలిదండ్రులందురు. యాజమాన్యమువారి చెవిని బడును. చిత్తుపుస్తకమును చేతికి తీసికొని నాలుగుపుటలు చూచి, క్రిందపెట్టి, "తగ్గనీయమ్మా" అనిరి.

ఆమె మొదటిదినముననే మా యింటి మానిక, తవ్వ, సోల తెమ్మన్నది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని మన యిల్లాండ్రకు తెలియనిది కాదు. అరమానిక యనగా తవ్వ. పావుమానిక యనగా సోల. పిల్లచేతనే బియ్యము పోయించినది. తవ్వెడు బియ్యమును సోలతో కొలిచిన రెండు సోలలు, దానిమీద మఱియొక సోల, వెరసి మూడు. మానికకు నాలుగు సోలలు గనుక నాలుగింట మూడువంతులు. సగమును పావుతో కూడుటకు ముందు రెండింటిని ఒకే కొలతలోనికి తేవలెనని చెప్పకయే పిల్లకు తెలిసినది. రెండుదినముల తరువాత వంటింటిలోనికి పరుగెత్తుకొనివచ్చి, "అమ్మా, ఉన్నదానికి ఇంకొంచెం కలిపితే తగ్గుతుందా? ఆరోజు అట్లా ఎట్లా వ్రాశాను!" అని తన్నుజూచి తానే నవ్వినది. తన తప్పును చూచి ఆమె నవ్వుట మేమెఱుగుదుము; అదియే మొదటిసారి.

అయినను అర్ధసంవత్సర పరీక్షలో నూటికి ఇరువదియెనిమిది వచ్చినవి. పూర్వపు ముప్పదియొక్కటికంటెను తక్కువ. బడిలో నొకరు నవ్వుచునే ఏదియో అనిరట. ఆ సాయంకాలము మావారు ఇంటికి వచ్చి పీట వేసికొని పిల్లయెదుట కూర్చుండిరి. మేము తలుపుచాటున నిలిచి బిక్కుబిక్కుమనుచుంటిమి. "మీ టీచరమ్మ చెప్పినది నాకు చెప్పుము" అనిరి. పిల్ల తండ్రికి భిన్నములు చెప్పినది. నడుమ నొకచోట తప్పినది. ఆయన నోరు తెరచి, మఱల మూసికొనిరి. పిల్లయే రెండు పంక్తులు వెనుకకు పోయి తప్పును తానే పట్టుకొన్నది. నాటినుండి నోటుపుస్తకము పరుపుక్రిందికి పోలేదు.

వార్షికపరీక్షలో ఏబదియెనిమిది మార్కులు వచ్చినవి. ఆమె తరగతిలో మొదటిది కాలేదు. కాగలదనియు మేము చెప్పము. కాని ఇపుడు తరగతిలో లేచి, "నాకు తెలియలేదండీ, మళ్ళీ చెప్పండి" అని యడుగుచున్నదట.

ఇక మీ ప్రశ్నలకు వత్తము. మా అనుభవమువలనను, మావారినడిగియు, మేము తెలిసికొన్న కొన్ని సంగతులు చెప్పెదము.

మొట్టమొదట మీ పిల్లవానికి ప్రైవేటు అవసరమా యని విచారింపుడు. మా పొరుగింటి బాలుడు ఆఱునెలలు ప్రైవేటుకు పోయిన పిదప వానికి నల్లబల్లమీది యక్షరములు కనబడుటలేదని తెలిసినది. వానికి కావలసినది కండ్లజోడు. కొందఱకు వినికిడి తక్కువ, కొందఱకు నిద్ర చాలదు, కొందఱు బడిలో నెవరికో భయపడుచుందురు. ఇవి ప్రైవేటువలన తీరునవి కావు. కావున ముందు కండ్లు పరీక్షచేయింపుడు, బడికి పోయి తరగతి పంతులుగారితో మాటాడుడు, పిల్లవానిని ఒంటరిగ కూర్చుండబెట్టుకొని అడుగుడు. పిదప ఏ పాఠమున, ఏ తరగతియొద్ద కాలుజాఱినదో చూడుడు. "అన్నియు చెప్పుడు" అని మాస్టరునకప్పగించుటకంటె "భిన్నములు చెప్పుడు", "ఇంగ్లీషున చదివినది అర్థమగునట్లు చెప్పుడు" అని కోరుట మేలు.

రెండవది, మాస్టరునుగూర్చి ఇతర తల్లులను అడుగునపుడు "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగకుడు. "మీ పిల్ల ఇప్పుడు తనంతట తాను ఏమి చేయగలుగుచున్నది?" అని యడుగుడు. వచ్చిన మాస్టరును ఒక్కవారము చెప్పించి చూడుడు. మీరు వంటింట పనిచేసికొనుచునే చెవియొగ్గి వినుడు. గంటలో ఎవరి గొంతు ఎక్కువ వినబడుచున్నది? మాస్టరు గొంతే వినబడినచో పిల్లవాడు వ్రాయసకాడై యున్నాడన్నమాట. పిల్లవాని గొంతు సగమైన వినబడవలెను. తప్పు వచ్చినపుడు మాస్టరు ఏమి చేయుచున్నారు? వెంటనే దిద్దుచున్నారా, తప్పు ఎట్లు వచ్చినదో తెలిసికొనుచున్నారా? ఇది తెలియుటకు మీకు లెక్కలు రానక్కఱలేదు.

మూడవది, పిల్లల క్షేమము. వచ్చినవారు స్త్రీయైనను పురుషుడైనను, బంధువైనను, వృద్ధుడైనను, పాఠము నలుగురు తిరుగు సావడిలోనే జరుగవలెను. తలుపు మూయరాదు. ఇంట పెద్దవారు లేనిదినమున పాఠము మానుకొనుడు. ఫోనులో చెప్పు పాఠములకును ఇదియే నియమము. మంచి మాస్టరు ఇందుకు నొచ్చుకొనరు. నొచ్చుకొన్నచో వారిని మాన్పించుటయే మంచిది. నిన్నటివఱకు చక్కగ చదివిన పిల్ల నేడు "ఆ మాస్టరుగారు వద్దు" అనినచో సోమరితనమని కసరుకొనకుడు. దగ్గఱకు తీసికొని వినుడు. పిల్లలను లైంగిక దౌర్జన్యమునుండి కాపాడుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది. ఆపదలోనున్న పిల్లలకొఱకు 1098 అను ఫోను సంఖ్య కలదు. పరువు పోవునని వెఱచి ఊరకుండుట పిల్లకు రెండవసారి అన్యాయము చేయుటయే.

నాల్గవది, కాలము. ఉదయము బడికి పోయి సాయంకాలము వచ్చిన పిల్లను ముఖముకడుగుకొననీయక ప్రైవేటుకు తఱుముట క్రూరము. ఒక గంట ఆట, పిదప ఒక గంట పాఠము చాలును. చిన్నతరగతి పిల్లలను వందలమందితో నిండిన కోచింగు కేంద్రములకు పంపుటయు మాకు సమ్మతము కాదు. ఏబదిమందికి మించిన విద్యార్థులుగల కోచింగు కేంద్రములు పదునాఱు సంవత్సరములు నిండని పిల్లలను చేర్చుకొనరాదని కేంద్రప్రభుత్వము 2024 జనవరిలో మార్గదర్శక సూత్రములు వెలువరించినది.

ఐదవది, జీతము. ఎన్ని దినములు, ఎన్ని గంటలు, ఎంత జీతము, పండుగసెలవులకు కోతయుండునా లేదా యనునవి మొదటిదినముననే మాటాడుకొనుడు. ఒకటవ తేదీన అడుగకమునుపే యిండు. ఇంటికి వచ్చి చెప్పు పిల్లను చిన్నచిన్న పనులకు పురమాయింపకుడు. ఆమెయెదుట ఆమె జీతము సంగతి పిల్లలు వినునట్లు బేరమాడకుడు. మనము గౌరవింపనివారియొద్ద మన పిల్లలు చదువు నేర్వరు.

ఆఱవది మన వంతు. పాఠము ముగిసినపిదప పదినిమిషములు, "ఈ దినము నీవు నేర్చినది నాకు చెప్పుము" అని పిల్లయెదుట కూర్చుండుడు. మాకు లెక్కలు అంతంతమాత్రమే వచ్చును. మాకు తెలియనిదే మేలైనది. ఏలయనగా మేము నిజముగనే అడిగితిమి, పిల్ల నిజముగనే చెప్పినది. చెప్పలేక చిక్కుపడినచోటును ఆమెయే మఱునాడు టీచరమ్మకు చూపినది. ఏ యక్షరమును రాని తల్లియైనను ఈ పని చేయవచ్చును.

ఇంకొక మాట. ఉత్తరములు వ్రాసిన నలుగురు సోదరీమణులలో ముగ్గురు కుమారునకే మాస్టరును వెదకుచున్నారు. ఒకరు, "అమ్మాయి ప్రక్కన కూర్చుండి వినును" అని వ్రాసిరి. ఆ వాక్యమును మేము రెండుమార్లు చదివితిమి. అబలాసచ్చరిత్రరత్నమాల వ్రాసిన భండారు అచ్చమాంబగారికి ఆనాడు బడి లేదు. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో ఇంటనే చదువుకొని ఆమె అంతటి రచయిత్రి యైనది.  మాస్టరునకు ఒక్కరి జీతమే యీయగలిగినచో, ఇద్దఱలో ఎవరికి అవసరము హెచ్చో చూచి వారికే చెప్పింపుడు. మగపిల్లవాడను కారణము మాత్రము ఆ తూకములో వేయకుడు.

మా టీచరమ్మ సంగతి కొంత మిగిలియున్నది. ఫిబ్రవరిలో ఆమె, "ఇక వారానికి రెండుసార్లు చాలండీ" అన్నది. ఏప్రిలు మొదట, "ఇక నేను రానక్కరలేదు" అన్నది. మేమిచ్చు పదునైదువందల రూపాయలు ఆమె యింటికి ఎంత యవసరమో మాకు తెలియును. అది పరీక్షకు దరఖాస్తు పెట్టవలసిన నెల. "నీకు నష్టము గదా తల్లీ, వచ్చే యేడుకూడ రమ్ము" అంటిమి. "ఇంకా వస్తే, కష్టమైన లెక్క రాగానే నన్ను అడగటం అలవాటవుతుందండీ. తాను ఆలోచించటం మానేస్తుంది" అని సంచి తీసికొని లేచినది. మా పిల్ల గుమ్మమువఱకు వెంటబోయినది.

అవసరము తీరినదని తానే చెప్పి మానుకొన్న మాస్టరును మీరు ఎక్కడైన కన్నచో ఆ యింటిగుర్తు వ్రాసి యుంచుకొనుడు. మేము మాత్రము ఆ నెలలోనే మా వీథిలోని ముగ్గురు తల్లులను వెంటబెట్టుకొని ఆమె యింటికి పోయితిమి. ఇప్పుడు వారి పిల్లలు ఆమెయొద్ద చదువుచున్నారు. మొదటిదినమున ముగ్గురు తల్లులును మార్కుల కాగితములే పట్టుకొనివచ్చిరి. ఆమె ముగ్గురిని చిత్తుపుస్తకములకై వెనుకకు పంపినది.

మీ యిండ్లలో జరిగిన సంగతులు వ్రాయుడు. మంచి మాస్టరు దొరకిన కథలే కాదు, మోసపోయిన కథలును వ్రాయుడు, పేర్లు ప్రకటింపము. వచ్చేమాసమున, బడికి పోనని మొండికేయు చిన్నపిల్లలనుగూర్చి ముచ్చటింతము.

ఇట్లు,
ఒక బడిపంతులుగారి యిల్లాలు